గునుగుపూల కొంగు

పోయిన వారం ఊర్మిళను వంటింటి గట్టు పక్కన నిలబెట్టి, ఆమె చేతిలో మొగుడి ఫోను పెట్టి మనం వెళ్లిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. కుక్కర్ కూత మీద కూత వేస్తున్నా ఆమె చెవికి ఎక్కడం లేదు.

జరిగింది చూస్తే చిన్న పనే. ఇవాళ సూరత్‌లోని బమ్రోలిలో కరెంటు సెలవు, మగ్గాల షెడ్లు మూతపడే రోజు. సిరిసిల్ల నుంచి వచ్చినవాళ్లు సాంచాలని పిలిచే ఆ మరమగ్గాల సందుల్లో వారమంతా పేరుకున్న నూలు దుమ్మును ఈ రోజే దులుపుతారు. ఇళ్లలో ఆడవాళ్లకూ అదే అలవాటైపోయింది. పెళ్లై వచ్చాక మొదటిసారి ఇల్లు దులిపే పని మొత్తం తన చేతికొచ్చిందన్న సంబరంలో ఊర్మిళ పొద్దున్నే ఫ్యాను రెక్కలు తుడిచింది. పోపుల డబ్బాను ముఖం కనబడేలా తోమింది. కిటికీ ఊచలకు కూడా ఒక్కొక్కటిగా స్నానం చేయించింది. ఇంకా ఉత్సాహం మిగిలిపోయి, ఛార్జింగుకు పెట్టి ఉన్న ప్రణయ్ ఫోను మీద పడింది.

ఆ ఫోను కొన్నాళ్లుగా మొరాయిస్తోంది. ఒక పేజీ తెరిస్తే టీ తాగి వచ్చేదాకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. "బ్రౌజర్‌ల టెంపరరీ చెత్త జమైతది చెల్లె. మూడు డబ్బాలుంటయి, మూడిట్ల టిక్కు పెట్టి తీసెయ్. ఫోను గుర్రం లెక్క ఉరుకుతది" అని మొన్న టీకి వచ్చిన పరమేశన్న చెప్పాడు. ప్రణయ్‌తో ఒకే షెడ్డులో పనిచేసే మనిషి. సూరత్‌లో నీ తల్లిగారిల్లు మా ఇల్లే అని పెళ్లి పందిట్లోనే ఊర్మిళకు మాటిచ్చిన మనిషి. ఆయన చెప్పినట్టే ఆమె మూడు డబ్బాల్లోనూ టిక్కు పెట్టింది. తీసేస్తే తిరిగి రాదని ఫోను హెచ్చరించింది. బూజు తిరిగి రాకపోతే ఇంకా మంచిదే కదా అనుకుని నొక్కేసింది.

ఫోను నిజంగానే గుర్రమైంది. ఆ ముచ్చట చూసుకుందామని, ప్రణయ్ ఎప్పుడూ తెరిచి ఉంచే పేజీని తెరిచింది. తెర నిండా తెల్లటి గళ్లు. వాటి మధ్య ఒకే మాట: 'కొత్త డిజైన్ మొదలుపెట్టండి.'

కొత్తది అంటున్నదంటే, పాతది ఒకటి ఉండి ఉండాలి.

"వదినా! కుక్కర్ పేలినంక దించుతవా ఏంది?"

మేడ మీద బట్టలు ఆరేసి వచ్చిన నవత ఖాళీ బకెట్ కింద పెట్టి, ఉరికి వచ్చి స్టవ్ ఆపింది. నవత ప్రణయ్ చెల్లెలు. సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. ఒక మాటను తెలుగులో ఎక్కించి, హిందీ మీదుగా తిప్పి, గుజరాతీలో దింపుతుంది.

"ఈ పేజీల ఏముండె నవతా?" ఊర్మిళ ఫోను ముందుకు చాపింది.

నవత చూసింది. మళ్లీ చూసింది. "కొంగు ఏది?"

"ఏ కొంగు?"

"అన్న గీసిన కొంగు వదినా! గునుగుపూల..." అని నవత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి దానంతట అదే జారిపోయింది. ఇంక దాచి ఏం లాభం? "నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. సర్‌ప్రైజ్ అంట. ఇయ్యాల సేఠ్‌కు చూపెట్టేది అదే. సేఠ్‌కు నచ్చితే నైట్ షిఫ్ట్ బంద్. డిజైన్ రూంల కంప్యూటర్ ముందట కుర్చీ. సాచ్చు చెప్తున్న వదినా, నిజంగ."

ఊర్మిళ తలుపు వైపు చూసింది.

సాయంత్రం షెడ్డు యజమాని సేఠ్ దగ్గరికి పోవాలని ప్రణయ్ చెప్పాడు. ఎందుకంటే నవ్వి, వచ్చినంక చెప్తానన్నాడు. అందుకే ఇప్పుడు చౌరస్తాలో మంగలి దుకాణానికి పోయి కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన చొక్కా తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. ఆ చొక్కాకు ఇస్త్రీ చేసింది ఊర్మిళే. కాలర్ మడతను రెండోసారి కూడా ఒత్తింది, ఊరికే, ముద్దొచ్చి.

రాత్రి షిఫ్ట్ అంటే ఏమిటో పెళ్లికి ముందు ఆమెకు తెలియదు. ఊరు నిద్రపోయే వేళకు మొగుడు టిఫిన్ డబ్బా పట్టుకుని పోతాడు. తెల్లారి వస్తాడు, చెవుల్లో ఇంకా మగ్గాల మోతతో, చెప్పింది వినబడక "ఆఁ?" అంటూ. అతని కనుబొమల్లో చిక్కుకున్న నూలు పోగులను వేళ్లతో ఏరుతూ ఆమె కబుర్లు చెబుతుంది. కబురు సగంలో ఉండగానే అతని కళ్లు మూతపడతాయి. ఆ కాస్త సమయమే వాళ్ల కాపురం. అది ఊర్మిళకు ఎంత ఇష్టమో, చాలకపోవడం అంత బాధ. ఆ బాధ తీర్చే దారి ఒకటి ఈ ఫోనులో ఉండింది. ఆమె దాన్ని దుమ్మనుకుని దులిపేసింది.

"వెనక్కి వస్తదేమో చూద్దాం" అంది. పేజీని మూసి తెరిచింది. ఫోను ఆపి మళ్లీ వేసింది. హిస్టరీలో చూసింది, అది కూడా ఖాళీయే. తను డిగ్రీలో కంప్యూటర్ పేపర్ చదివిన పిల్ల. కుక్కీలంటే ఏమిటో, సైట్ డేటా అంటే ఏమిటో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. మూడు డబ్బాల్లో చివరిది ఒక్కటే నొక్కి ఉంటే పాత బొమ్మల నకళ్లు పోయేవి, ఎవరికీ నష్టం ఉండేది కాదు. కానీ కొన్ని సైట్లు మనం చేసిన పనిని వేరే ఎక్కడా దాచవు. ఆ ఫోనులోనే, ఆ బ్రౌజర్ కడుపులోనే పెట్టుకుంటాయి. ఆ కడుపు పేరే సైట్ డేటా. అదంతా ఆమెకు తెలుసు. తెలిసిన సంగతి వేలి చివరికి మాత్రం సమయానికి రాలేదు.

"లాగిన్ చేసి గీసిండా?"

"లాగిన్ లేని సైటే కావాలె ఆయనకు. ఫ్రీగ వస్తది గదా" నవత పెదవి కొరుక్కుంది. "ఫోటోలల్ల చూడు. స్క్రీన్‌షాట్ ఉండొచ్చు."

ఇద్దరూ గ్యాలరీ మీద వాలారు. పెళ్లి ఫోటోలు. షెడ్డులో తెగిన బెల్టు. మేడ మీద కూర్చుని తల ఆరబెట్టుకుంటున్న ఊర్మిళ. పిండి అంటిన ముక్కుతో రొట్టె వత్తుతున్న ఊర్మిళ. నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఊర్మిళ. వీటినెప్పుడు తీశాడో ఆమెకే తెలియదు. ఇంకో రోజైతే సిగ్గుతో, సంతోషంతో దిండులో ముఖం దాచుకునేది. ఇవాళ ఒక్కో ఫోటోకు గుండె మరింత బరువెక్కింది. ఎంత వెతికినా కొంగు మాత్రం లేదు.

"ఉండదు బిడ్డా. ఎతుకకు."

గుమ్మం దగ్గరి నుంచి వచ్చిందా మాట. అత్తమ్మ కనకవ్వ అక్కడ కూర్చుని, మార్కెట్ నుంచి వచ్చిన చీరల వెనకవైపు వేలాడే దారాలను కత్తెరతో కత్తిరిస్తోంది. రోజూ చేసే పనే. ఇంతసేపూ కత్తెర చప్పుడు ఆగలేదు కాబట్టి వినలేదనుకున్నారు. అన్నీ విన్నది.

"ఫోటో తియ్యొద్దని నేనే చెప్పిన. మా ఇంట్ల గదే పద్ధతి. మగ్గం మీది బట్ట కోసి దించేదాక బయిటోళ్ల కన్ను పడొద్దు. వాడు గీసేది ఫోన్ల అయితేంది, అది గుడ మగ్గమే గదా అన్న. తల్లి మాటని ఇన్నడు, పిచ్చోడు."

ఊర్మిళ వెళ్లి ఆమె ముందు కూలబడింది. "అత్తమ్మా, నేను ఊడ్చి పారేసిన. అంతా నేనే..."

"అంతా ఊడ్చినవా? ఒక్క కొస గుడ ఉంచలే?" కనకవ్వ చీర మడిచి పక్కన పెట్టింది. గొంతులో కోపం లేదు. లెక్క తేలని మనిషి గొంతు అది. "బీమ్ మీది దారం అయిపోయినప్పుడు సుత మేం మొత్తం గుంజెయ్యం బిడ్డా. పాత దారాల కొసలు జరంత ఉంచుతం. కొత్త దారాలు వాటికే ముడేస్తం. కొస లేకపోతే మళ్ల మొదటికెల్లి ఎక్కించుకునుడే. ఎక్కడ్నో ఓ కొస ఉంటది, చూడు."

"ఫోన్ల కొసలుండవు మమ్మీ" అని నవత లేచి నిలబడింది. గొంతు తగ్గించింది. "వదినా, విను. నువ్వేం చెయ్యలే. ఫోనే అప్‌డేట్ అయింది, అంతా పోయింది. ఖతం. అన్నకేం తెలుస్తది?"

ఊర్మిళ ఫోను వైపు చూసింది. ఆ దారి ఎంత నున్నగా ఉంది! ఫోను మీదికి తోసేస్తే, అతను ఫోనునే తిడతాడు. రేపు పొద్దున కనుబొమల్లో పోగులు ఏరించుకోవడానికి ఎప్పటిలాగే తల వంచుతాడు. కానీ పోగులు ఏరే వేళ్లు అవే కదా, నొక్కిన వేళ్లు. ఆమె అత్తమ్మ ముఖంలోకి చూసింది. కనకవ్వ ఇటా అటా అని చెప్పలేదు. కత్తెర మాత్రం ఆగింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఈలపాట. ప్రణయ్.

కొత్త క్రాపుతో, మెడ మీద పౌడరుతో, ఒక చేతిలో వేడి వేడి శనగపిండి లోచో పొట్లం, ఇంకో చేతిలో మల్లెమొగ్గల దండతో వచ్చాడు. ముగ్గురినీ చూసి నవ్వాడు. "ఏంది, మీటింగా? సేఠ్ దగ్గరికి పోయేటోనికి ఎదురొచ్చే ముఖాలు గిట్లనేనా? జర నవ్వుర్రి!" దండ ఊర్మిళ చేతిలో పెట్టి, ఫోను అందుకున్నాడు. "అబ్బ, తొందరగ తెరుచుకుంటున్నదే. ఏమైంది దీనికి?"

నవత ఊర్మిళ వైపు చూసింది.

"ఫోను అప్..." అని మొదలుపెట్టింది నవత.

"నేను క్లీన్ చేసిన" అంది ఊర్మిళ.

అత్తమ్మ ముందు అతన్ని 'మీరు' అనడం, తలుపు వేసుకున్నాక 'నువ్వు' అనడం ఆమె ఇష్టంగా నేర్చుకున్న ఆట. ఇప్పుడు ఆ ఆట గుర్తులేదు. "స్లో అయిందని బ్రౌజర్‌ల డేటా అంతా తీసేసిన. నువ్వు గీసింది అండ్లనే ఉన్నదని తెల్వదు. పోయింది. ఎంత చూసినా వస్తలేదు. నేనే చేసిన, ఫోను తప్పు కాదు."

ప్రణయ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు ముఖం మీదే ఉంది, మనిషి దాని వెనక నుంచి వెళ్లిపోయాడు. బొటనవేలు తెర మీద పైకీ కిందికీ జరిగింది. తెల్లటి గళ్లు. మళ్లీ జరిగింది. గళ్లే.

"ఎందుకు ముట్టినవ్?" అన్నాడు చివరికి. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నా ఫోన్... ఎవ్వలడిగిండ్రు నిన్ను?"

పెళ్లయ్యాక అతని నోట 'నా' అనే మాట ఆమె మొదటిసారి విన్నది. అంతకు ముందు గిన్నె, దువ్వెన, దుప్పటి, ఆఖరికి జలుబు కూడా 'మనది'గానే ఉండేది.

"ఒక్కొక్క గడి వేలితోని నింపిన" అన్నాడు, ఎవరికీ కాకుండా. "సాంచాలు నడుస్తుంటే, దారం తెగనప్పుడు, నిలబడి నింపిన. గునుగు పువ్వు నేనెన్నడు చూడలే. లగ్గం కుదిరినంక ఫోన్ల నువ్వు చెప్పినవ్ గదా, కింద తెలుపు, కొసకు గులాబి, పట్టుకుంటే పిల్లి తోక లెక్క ఉంటదని. నువ్వు చెప్పింది చెప్పినట్టు గీసిన. మొదటి చీర నీకే కట్టించాలని..."

మాట అక్కడ తెగింది. ఊర్మిళ చేతిలో మల్లెదండ చల్లగా తగులుతోంది. కన్నీళ్లు వచ్చాయి కానీ తుడుచుకోలేదు. ఏదైనా తుడవాలంటేనే భయంగా ఉంది.

"మళ్ల గీద్దాం" అంది. "నేను చెప్త, నువ్వు గియ్యి. పువ్వు నా దగ్గరనే ఉన్నది గదా, ఎటూ పోలే."

అతను తలెత్తి చూశాడు. ఆ చూపులో కోపం ఇంకా ఉంది, కానీ దాని అంచు కాస్త మెత్తబడింది. "సేఠ్ రమ్మన్నది ఇయ్యాల."

"అరేయ్" అంది కనకవ్వ. "నిజం చెప్పు. ఎవ్వలకన్న చూపిచ్చినవా?"

ప్రణయ్ కొత్త క్రాపు గోక్కున్నాడు. "ఒక్క పరమేశన్నకే అమ్మా. ఆయన బయిటోడా? షెడ్‌ల నా ఫోను ఛార్జింగుకు పెట్టేదే ఆయన. ఎట్లున్నదో చూడన్నా అని చూపిచ్చిన."

"చూపొద్దంటి గదరా!" అంటూనే కనకవ్వ ముఖంలో వెలుగు వచ్చింది. "సరే, మంచిదే అయింది. గదే కొస. అడుగు వాన్ని."

"స్క్రీన్‌షాట్ తీసి పెట్టిండేమో!" నవత ఎగిరి గంతేసింది. "చెయ్యి అన్నా, ఫోన్ చెయ్యి!"

ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. ప్రణయ్ పరమేశ్‌కు ఫోన్ చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మోగి ఆగిపోయింది. "సెలవు గదా, పన్నడేమో" అన్నాడు. ఆశతో చూస్తే ప్రతిదానికీ మంచి కారణమే కనబడుతుంది. ఊర్మిళ లోచో పొట్లం విప్పి, పైన కారప్పూస చల్లి, నాలుగు గిన్నెల్లో పెట్టింది. తినరని తెలిసీ పెట్టింది, చేతులకు పని ఉండాలి కదా.

మూడోసారి చేయబోతుండగా ఫోనే మోగింది. పరమేశ్ కాదు, సేఠ్. ఆ ఫోను చెవి దగ్గర వినబడదు, ఎప్పుడూ స్పీకర్ మీదే మాట్లాడాలి. అందుకని సేఠ్ హిందీ నలుగురికీ వినబడింది.

"ప్రణయ్ భాయ్, ఇవాళ నువ్వు రానవసరం లేదు. ఊరికే తకలీఫ్ ఎందుకని చేశాను."

"అదేంది సేఠ్? డిజైన్..."

"డిజైన్ వచ్చేసింది కదా! పరమేశ్ పొద్దున్నే తెచ్చాడు. మీ సొంతూరి పువ్వట, తెలుపూ గులాబీ, తోకలాగ ఉంది. చాలా బాగుంది. రేపే నమూనా నేయిస్తున్నా." సేఠ్ కాస్త ఆగాడు. "ప్రణయ్ కూడా ఇలాంటిదే పట్టుకొస్తాడు, తనదే అంటాడు అని ముందే చెప్పాడు. నాకు ఇద్దరూ ఒకటే భాయ్. నీదే అయితే నీ ఫోనులో ఉంటుంది. గళ్లు ఎలా నింపావో, ఏది ముందు ఏది తర్వాత, అంతా ఉంటుంది కదా. తెచ్చి చూపించు, కుర్చీ నీకే. లేకపోతే మాట్లాడకు."

ఫోను ఆగిపోయింది.

"పొరపాటయింది" అన్నాడు ప్రణయ్. "నా కోసమే తీసుకపోయిండేమో. సేఠే తప్పుగ సమజ్ చేసుకున్నడు. పరమేశన్న గట్ల చెయ్యడు."

"నా చేతుల తిని పెరిగిండు వాడు" అంది కనకవ్వ, కత్తెరను బిగించి పట్టుకుని. "గట్ల చెయ్యడు."

ఊర్మిళ మాత్రం పోపుల డబ్బా వైపు చూస్తూ ఉండిపోయింది. మొన్న పరమేశన్న అక్కడే, ఆ గట్టుకు ఆనుకుని నిలబడ్డాడు. టీలో అల్లం బాగా పడిందని మెచ్చుకున్నాడు. తర్వాత వేళ్లు మడిచి మరీ చెప్పాడు. మూడు డబ్బాలుంటయి. మూడిట్ల టిక్కు పెట్టు. ఒక్కటి పెడితే సాలదు చెల్లె.

ఫోనులోని సాక్ష్యాన్ని ఆమె వేళ్లతోనే తుడిపించాడన్నమాట. కొస దొరికింది. అది ఇంకొకరి చేతిలో ఉంది. ఈ సంగతి చెప్పాలి. కానీ ఎలా చెప్పడం? కాలి పారాణి ఇంకా ఆరని కోడలు, పొద్దున్నే ఇంట్లో ఇంత నష్టం చేసిన కోడలు, ఇప్పుడు వేలెత్తి వాళ్ల ఇంటి మనిషిని చూపిస్తే? తన తప్పును ఇంకొకరి మీదికి తోస్తోందని అనుకోరా? ప్రణయ్ నమ్ముతాడా?

గట్టు మీద ఉన్న ఆమె సొంత ఫోను చిన్నగా వణికింది. వాట్సాప్‌లో మెసేజ్. ప్రణయ్ అన్నిసార్లు చేసినా ఎత్తని మనిషి నుంచి.

'చెల్లె, ఫోను సాఫ్ చేసినవా? మూడు డబ్బాలు టిక్ పెట్టినవా?'

ఊర్మిళ ఆ మెసేజ్‌ను రెండుసార్లు చదివింది. నవతకు చూపించబోయి ఆగింది. ఇంతకు ముందు, అబద్ధం చెప్పమన్నప్పుడు మొగుడికి చెప్పలేకపోయింది. ఇప్పుడు ఆమె వేళ్లు నెమ్మదిగా, ఒక్క అక్షరం కూడా తప్పకుండా టైపు చేశాయి.

'లేదన్నా. ఇల్లు దులుపుడుతోనే సరిపాయె. ఫోను ఇంక ముట్టనే లేదు.'

పంపగానే రెండు టిక్కులు నీలంగా మారాయి. అవతల ఏదో టైపు చేస్తున్నట్టు చూపించింది. ఆగింది. మళ్లీ చూపించింది. ఊర్మిళ వెనక్కి తిరిగి ఫోనును ప్రణయ్ కళ్ల ముందు పెట్టింది. కనకవ్వ లేచి వచ్చి కొడుకు భుజం మీదుగా చూసింది. జవాబు ముగ్గురి కళ్ల ముందే తెర మీదికి వచ్చింది.

'నువ్వు ముట్టకు చెల్లె. నాకు ఇయ్యి, నేనే చేస్త. కిందనే ఉన్న, వస్తున్న.'

మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది.